విరగడానికే పెట్టిన కర్ర

యాంగోన్, పజుండౌంగ్
అక్టోబరు 12, ఆదివారం

చి.ల.సౌ. లక్ష్మీనరసమ్మకి విజయ నాన్న ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి. ఈ మాటకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. గుడి బళ్ళో పంతులు నేర్పాడు, ఇది లేకపోతే ఉత్తరం కదలదన్నాడు. మరిడమ్మ తల్లి దయవల్ల ఇక్కడ నేను, మన వీధి, మన పిల్లి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, విజయ, అల్లుడు, పెద్దపిల్ల, పాలు తాగే చిన్నవాడు అందరూ బాగుండాలి.

నీ ఉత్తరం అందింది. ఫోనులో వచ్చిన ఫోటోలని గోపాలం పబేడాన్‌లో తన కొట్టు దగ్గరే కాగితాల మీద దింపి, సంచిలో పెట్టి ఇచ్చాడు. నాలుగు పేజీలు. రోజుకొక పేజీ చదివాను. నాలుగో పేజీ రెండు రోజులు పట్టింది, ఎందుకో తరవాత చెబుతాను. నేను రెండో తరగతి చదివినవాణ్ణి, నువ్వు ఏడో తరగతి దానివి. ఒత్తులు కొంచెం తగ్గించి రాయి.

ఫోనులో మాట్లాడమని విజయ మళ్ళీ చెప్పిందని రాశావు. నా చెవులు రెండూ అహ్లోన్ బియ్యం మిల్లు తినేసిందని దానికి తెలియదా? పోయినసారి ఏమైంది? అది అరిచింది, నేను అరిచాను, నేను తప్ప వీధంతా విన్నది. ఉత్తరమే మేలు. పైగా గోపాలానికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నేను ఏం రాసినా ఫోటో తీసి పంపేస్తాడు గాని చదవలేడు. ఈసారి అది నాకు మంచిదే అయింది.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరుసగా చెబుతాను.

మాత్రలు వేసుకుంటున్నాను. తెల్లవి పొద్దున, ఎర్రవి సాయంత్రం. ఒకరోజు మర్చిపోయాను. ఒకరోజే.

వంటింటి రేకు కారడం ఆగింది. నేను బాగు చేయలేదు, వానలే తగ్గాయి.

పక్కింటి శ్యామలాదేవి మోకాలు కొంచెం నయం. మూడు అంతస్తులూ ఎక్కి నాకు కూర తెచ్చి, మెట్లు తిట్టుకుంటూ దిగుతుంది. వీధిలోకి వేలాడే మన బాల్కనీ తాడు లాగి గంట కొడితే బుట్ట దించుతాను కదా అంటే, "నానెంతసేపు గంట లాగినా నీకినపడదు కదన్నియ్యా" అంది. నిజమే. అందుకని తాడు పై కొస నా కుర్చీ కాలికి కట్టుకున్నాను. కింద వీధిలో ఎవరైనా లాగితే పైన గంట నాకు వినపడకపోయినా నా కుర్చీ కదులుతుంది. నిన్న పిల్లి ఆ తాడుతో ఆడింది. నేను మూడుసార్లు బుట్ట దించాను.

నాలుగోది ఘటం సంగతి. "అమ్మవారి పండగ గురించి ఒక్క ముక్కే రాశారు. మన ఇంటి ఘటం ఎవరు ఎత్తారు?" అని అడిగావు. అడగడం ఇది మూడోసారి. రెండుసార్లు నేను వాన కబుర్లు రాసి తప్పించుకున్నాను. ఈసారి తప్పించుకోను. కానీ ముందు మీ ఊరి కబుర్లకి జవాబు రాయనీ. ఆ ఇంగ్లీషు ఊరి పేరుకి నాకు నోరు తిరగదు. మీ ఊరు అనే రాస్తాను.

నెలనెలా ఇంటింటికీ పంచే ఊరి కాగితం నువ్వు తెలుగు చేసి రాస్తుంటే నాకు భలేగా ఉంటుంది. ఒక ముసలమ్మ తాబేలు తప్పిపోయిందని అందులో వేశారా! తాబేలు ఎంత దూరం పోతుంది నరసమ్మా? కంచె కింద దొరికిందని మరుసటి నెల మళ్ళీ వేశారంటే వాళ్ళు బుద్ధిమంతులు. పోయిందని చెప్పేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు, దొరికిందని చెప్పేవాళ్ళు తక్కువ. గుమ్మడికాయల పోటీలో గెలిచినవాడు తన కాయలో నీళ్ళు ఎక్కించాడని తగువు పడ్డారట కదా. అది మాత్రం మన వీధిలాగే ఉంది.

వారానికి రెండుసార్లు వచ్చే బస్సు ఒకసారికి తగ్గించారని విని బాధేసింది. విజయ పనిచేసే ముసలివాళ్ళ హోముకి చుట్టాలు ఆ బస్సులోనే వస్తారని రాశావు. ఎవరికి వాళ్ళు గొణుక్కుంటే బస్సు రాదు. అందరూ కలిసి సంతకాలు పెట్టమను. ఒంటరిగా ఉండేవాళ్ళకి మంగళవారం మంగళవారం ఊరి హాలులో టీ పోస్తారన్నావు, అది నాకు నచ్చింది. ఇక్కడ ఒంటరివాణ్ణి ఎవరూ పిలవరు. వాళ్ళే వచ్చి కూర్చుంటారు. పొమ్మన్నా పోరు.

కాగితంలో నీ పేరు అచ్చుపడ్డ సంగతి వీధంతటికీ చెప్పాను. పంటల విందుకి పసుపు అన్నం చేసి తెచ్చిన మిసెస్ లక్ష్మికి ధన్యవాదాలు అని వేశారు కదా, ఆ ముక్క నా జేబులోనే ఉంది. డా ఖిన్ టీ కొట్టులో తీసి చూపించాను. శ్యామలాదేవి మొగుడు అప్పారావు కళ్ళజోడు పెట్టుకుని తిరగేసి మరగేసి చూశాడు.

"ఏటి బావా, మా అప్ప దొరల పేపర్లో పడిందా? అంత గొప్ప పనేటి సేసింది?"

"పులిహోర."

"అదేటి, నలబయ్యేళ్ళబట్టి మాకూ పెడతంది గదా. మరి మన పేపర్లో ఎన్నడూ ఎయ్యనేదే!"

"మనకి పేపరెక్కడిదిరా? నీ పెళ్ళాం నోరే మన పేపరు."

డా ఖిన్‌కి తెలుగు రాదు. అయినా నవ్వింది. అప్పారావు మొహం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఇక మీ ఊరి కొట్టు సంగతి. ఉన్న ఒక్క కొట్టు ఏడాది కిందట మూతపడితే ఉప్పుకి కూడా పక్క ఊరు పోవలసి వచ్చిందని, ఇప్పుడు ఊరివాళ్ళే వంతులవారీగా నిలబడి మళ్ళీ తెరుస్తున్నారని రాశావు. మంచిపని. నవంబరు ఒకటో తేదీ శనివారం పదకొండింటికి తెరుస్తారు, ఆ వేళకి చర్చి గోపురంలో ఉన్న ఆరు గంటలూ మోగాలి, ఆరో తాడు లాగే మార్గరెట్ తన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది, అందుకని నిన్ను అడిగారు. పది వారాలు నేర్చుకున్నావు. చప్పుడు రాకుండా గంట నాలుక కట్టేసి నేర్పించాడు ఆ డెనిస్ అనేవాడు.

ఈ డెనిస్ సంగతి. చిక్కుడుకాయలు తెచ్చాడని ఒక ఉత్తరం, రేగుపళ్ళలాంటివేవో తెచ్చాడని ఒక ఉత్తరం, నీ చెయ్యి తాడుకి బాగా కుదిరిందని మెచ్చుకున్నాడని ఇంకో ఉత్తరం. నాకు నచ్చలేదు. నాలుగో ఉత్తరంలో అతనికి ఎనభై ఒక్క ఏళ్ళని రాశావు. వయసు ముందు రాయాలి నరసమ్మా, చిక్కుడుకాయలు తరవాత.

పోయిన నెల నువ్వు గంట లాగనా అని అడిగితే నేను రాసిన జవాబు ఒక్క ముక్క. "మన ఆడవాళ్ళు తాళ్ళు లాగరు. వద్దు." దానికి నువ్వు కోపంగా ఏమీ రాయలేదు. "మీరు వద్దన్నారు గనక వద్దని చెప్పేశాను" అని రాసి, కింద పిల్లవాడికి పన్ను వచ్చిందని రాశావు. నువ్వు తిడితే నాకు తేలిక. పన్ను గురించి రాస్తే కష్టం.

నాలుగో పేజీ రెండు రోజులు పట్టిందన్నాను కదా. అది డెనిస్ కర్ర విరగ్గొట్టిన పేజీ. నువ్వు రాసింది నాకు అర్థమైంది. గంట పెద్దది, నాలుగు బస్తాల బరువు. తాడు లాగితే నోరు పైకి తిరిగి నిలబడుతుంది. నిలబడ్డప్పుడు అవతలికి దొర్లిపోకుండా ఒక కర్ర అడ్డం ఉంటుంది. డెనిస్ చెయ్యి వణికి, లాగవలసినదానికన్నా ఎక్కువ లాగాడు. కర్ర ఫెళ్ళున విరిగింది, గంట తిరిగిపోయింది, తాడు పాములా పైకి లేచింది, అతను వదిలేశాడు గనక బతికాడు. అరవై ఏళ్ళలో ఒక్కసారీ విరగని కర్ర. అతను మొహం పాలిపోయి ఇంటికి పోయి తలుపేసుకున్నాడు. మూడు వారాలుగా గోపురం ఎక్కడం లేదు, ఇక ఎప్పటికీ ఎక్కనంటున్నాడు. "అతన్ని చూస్తే జాలేస్తోంది, ఏం చెప్పాలో తెలియడం లేదు" అని రాశావు.

ఏం చెప్పాలో నేను చెబుతాను. విజయ చేత ఇంగ్లీషులో చెప్పించు. ముప్పై ఏడేళ్ళు మిల్లులో ఫిట్టరు పనిచేసిన ముసలివాడు చెప్పాడని చెప్పు.

మా మిల్లులో ధాన్యం దంచే యంత్రానికీ ఇరుసుకీ మధ్య ఒక కొయ్యచీల ఉండేది. అంత యంత్రమూ ఇనుమే, అదొక్కటే కొయ్య. ధాన్యంతో పాటు రాయి వస్తే ముందు ఆ చీల విరిగేది. యంత్రం ఆగేది. ఇరుసు బతికేది, పక్కన నిలబడ్డవాడూ బతికేవాడు. ఆ చీలలు చెక్కేవాణ్ణి నేను. వారానికి డజను. ఒకసారి కొత్త మేనేజరు వచ్చి, ఊరికే విరిగిపోతోంది ఇదేం పని, ఇనుపది వెయ్యండి అన్నాడు. నేను కుదరదన్నాను. నేను లేని రోజు చూసి వేయించాడు. రాయి పడింది. చీల విరగలేదు. ఇరుసు విరిగింది, దాని ముక్క ఎగిరి మా మేస్త్రీ భుజం పట్టుకుపోయింది. మరునాటి నుంచి మళ్ళీ కొయ్యే.

అదీ ఆ కర్ర. అది విరగడానికే పెట్టింది. విరిగిందంటే దాని పని అది చేసింది. గంట కింద పడలేదు, గోపురం బీటలివ్వలేదు, డెనిస్ చచ్చిపోలేదు. కొత్త కర్ర చెక్కుకోవాలి, అంతే. గట్టి చెక్క పెట్టవద్దని చెప్పు. సాగేదీ, అవసరానికి విరిగేదీ కావాలి. ఆ ఊళ్ళో ఏ చెట్టుదో అతనికే తెలుస్తుంది. చెయ్యి వణికితే బరువు తక్కువ గంట లాగమను. ఆరు గంటలూ ఒకే బరువు ఉండవని నువ్వే రాశావు.

ఇలా అతనికి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ ఉంటే, నాకు నేనే చెప్పుకోవలసిన మాట ఒకటి గుర్తొచ్చింది. అందుకే రెండు రోజులు పట్టింది.

ఇక నాలుగో ప్రశ్న.

నువ్వు మే నెలలో విజయ దగ్గరికి వెళ్ళావు. ఆషాఢంలో పండగకి గుళ్ళో పెద్దలు కూర్చున్నారు. రత్నం పిన్ని మామూలుగానే అంది.

"ఇంటి ఆడమనిసి ఊర్నేదు గదరా సత్తిం. ఈ ఏడుకి మీ ఇంటి ఘటం శామల ఎత్తుతాది. నరసమ్మొచ్చాక మల్లా మీ ఇంటికే వొస్తాది."

అది ఆచారమే. ఇల్లాలు పురిట్లో ఉన్నా, ఊళ్ళో లేకపోయినా పక్కింటికి ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. అందరూ ఇచ్చారు. నేను ఇవ్వనన్నాను.

"మా యమ్మ ఎత్తిన ఘటం. మా గుమ్మం దాటి అప్పారావు గుమ్మం ఎక్కదు. ఎవులూ ఎత్తకపోతే నానే ఎత్తుతాను."

అప్పారావు ఊరుకుంటాడా? "బావా, నెత్తి మీద ఎన్నడైనా ఏటైనా ఎత్తినావా, టోపీ తప్ప?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నేను బిగుసుకుపోయాను. వాళ్ళు నవ్వకపోతే ఇచ్చేసేవాణ్ణేమో. ఇచ్చేవాణ్ణి కాదులే. అబద్ధం ఎందుకు.

అమ్మవారిని సాగనంపే అనుపు రోజున స్నానం చేసి, పసుపు రాసిన కుండ, అందులో నీళ్ళు, వేపమండలు, పైన దీపం, అన్నీ నువ్వు పెట్టినట్టే పెట్టాను. మూడు అంతస్తుల మెట్లూ దిగాను. ఒక్క చుక్క తొణకలేదు. గర్వం అక్కడే ఎక్కింది. వీధిలో మోకాలు కిందదాకా వాననీళ్ళు. డప్పులు ముందు, నేను వెనక. ఆడవాళ్ళందరూ నోటి మీద చెయ్యి పెట్టుకుని చూశారు. నేను తల తిప్పలేదు.

డా ఖిన్ టీ కొట్టు మలుపు దగ్గర నీళ్ళ కింద ఇటుక ఉంది. కాలు మడతపడింది. నేను నిలదొక్కుకున్నాను. చుట్టకుదురు నిలదొక్కుకోలేదు.

నువ్వు ఎప్పుడూ నీ పాత నూలుచీర చింపి, తడిపి, పిండి చుట్టకుదురు చేస్తావు. అది తలకీ పట్టుకుంటుంది, కుండకీ పట్టుకుంటుంది. నలభై ఏళ్ళు చూశాను. చూశాను గాని, ఎందుకు తడుపుతావని ఒక్కసారీ అడగలేదు. ఆడవాళ్ళ పని కదా అనుకున్నాను. నేను పబేడాన్‌లో కొన్న కొత్త తువ్వాలు చుట్టి పెట్టుకున్నాను. పొడిగా, నున్నగా, కొత్త బట్ట. ఇరుసు కింద ఏది ఎలా కుదరాలో మిల్లంతటికీ నేర్పినవాణ్ణి, కుండ కింద ఏం పెట్టాలో నాకు తెలియలేదు. తువ్వాలు జారింది. ఘటం వాలింది. రెండు చేతులూ ఎత్తాను. అందలేదు.

నాకు చెవులు లేవంటారు. ఆ చప్పుడు మాత్రం విన్నాను.

డప్పులు ఆగిపోయాయి. రత్నం పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో తల్లీ, ఇల్లాలు పరదేశంలో ఉంది..." అని ఆపేసింది. మిగతా సగం నేనే పూర్తి చేసుకున్నాను. ఘటం పగిలితే ఆ ఇంటి ఇల్లాలికి కీడు అని మా అమ్మ అనేది. నీకూ తెలుసు.

అప్పుడు అప్పారావు ఒక్క వెటకారం ఆడలేదు నరసమ్మా. లుంగీ ఎగ్గట్టి, ఆ మురికినీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తడిమి తడిమి పెంకులు ఏరాడు. డా ఖిన్ బేసిను పట్టుకొచ్చి, "కేసా మషీబూ, ఊ సత్యం, కేసా మషీబూ" అంది. ఏం పర్లేదు, ఏం పర్లేదు అని. శ్యామలాదేవి దీపం మళ్ళీ వెలిగించి ఇత్తడి పళ్ళెంలో పెట్టి గుడిదాకా తెచ్చింది. పెంకులు వేపచెట్టు మొదట్లో పోశారు. నేను అందరికీ దండం పెట్టి, నరసమ్మకి ఎవరూ చెప్పకండి అన్నాను. అరవై తొమ్మిదేళ్ళలో ఆ వీధికి నేను పెట్టిన మొదటి దండం అదే.

ఎవరూ చెప్పలేదు. మూడు నెలలు! నువ్వు శ్యామలాదేవితో ఫోనులో గంటలు గంటలు మాట్లాడావు, అయినా చెప్పలేదు. నాకు తినడానికి కూర తెచ్చేది, నా మొహం చూసేది, దిగిపోయేది. ఆవిడ నోరే మన పేపరు అన్నాను చూడు, ఆ మాట తప్పు. ఆవిడకి తెలిసీ వెయ్యని వార్త అది ఒక్కటే.

తరవాత ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది. గోపురం మెట్ల మీద జారావు, మణికట్టు వాచింది, ఇప్పుడు తగ్గింది అని. తగ్గిందన్నది నేను చదవలేదు. జారావన్నది చదివాను. కుండ ఇక్కడ జారింది, నువ్వు అక్కడ జారావు. ఆ రోజు నుంచి నీ పేరు చెబుతూ గోపాలం వస్తుంటే, ఉత్తరం తెస్తున్నాడా, ఇంకేమైనా తెస్తున్నాడా అని ముందు అతని మొహం చూసేవాణ్ణి. నేను ఇలాంటివి నమ్మనని నీకు తెలుసు. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండానే భయపడ్డాను. అది ఇంకా కష్టం, ఎవరికీ చెప్పుకోలేం.

అందుకే వద్దని రాశాను. అంత పెద్ద గంట, ఆ తాడు, ఆ మెట్లు. మన ఆడవాళ్ళు తాళ్ళు లాగరని రాయడం అబద్ధం. మన బాల్కనీ తాడు నలభై ఏళ్ళుగా లాగేది ఎవరు? కూరగాయల బుట్ట, నీళ్ళ డబ్బా, నేను మర్చిపోయిన గొడుగు, అన్నీ ఆ తాడు మీదే పైకి లాగావు. నీ చెయ్యి తాడుకి బాగా కుదిరిందని డెనిస్ మెచ్చుకున్నాడంటే, అది పది వారాల్లో కుదిరింది కాదు. అతనికి ఆ సంగతి చెప్పు.

నీ నాలుగో పేజీ చదివాక నిన్న రత్నం పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు, వత్తులు చేసుకుంటోంది. సూటిగా అడిగాను.

"పిన్నీ, ఘటం ఇత్తడితో సేయించుకోవచ్చు గదా. ఎందుకు మట్టిదే ఎత్తుతాం?"

"ఏటి, ఇప్పుడడుగుతున్నావా?"

"ఆయ్."

"వొచ్చే కీడు మనిసి మీదకి రాకండా కుండ మీదకి పోవాల. అందుకే మట్టిది. ఇత్తడిదైతే పగుల్తాదా? నీ మీద పడతాది."

"మరి ఇంటి ఇల్లాలికి కీడని మా యమ్మ..."

"మీ యమ్మకి నీ నాగే సగం ఇని సగం ఒగ్గెయ్యడం అలవాటు. ఏటిరా, మూడ్నెల్లబట్టి ఇదా నీ బాద? సిక్కి సగమైపోనావు. ఆరోజే అడిగితే సెప్పుదును గదా!"

"ఆరోజు నువ్వేటన్నావు? ఇల్లాలు పరదేశంలో ఉంది అని ఆపీసినావు."

"పరదేశంలో ఉంది, ఉంటే నిన్ను సీపురు తిరగేసి కొట్టును అందామనుకున్నాను. నీ మొగం సూసి జాలేసి ఊరుకున్నాను."

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. పిన్ని నా చేతిలో ఒక వత్తి పెట్టి, ఊరికే కూర్చోక చెయ్యి అంది. ఇరవై చేశాను. ఒక్కటీ సరిగా రాలేదు.

ఇదీ సంగతి. ఘటం నేను ఎత్తాను. నేను పగలగొట్టాను. పక్కింటికి ఇవ్వడం ఇష్టంలేక పగలగొట్టాను. నీ దగ్గర దాచాను. దాచి, ఆ భయంతో నీకు ఇష్టమైన పని వద్దన్నాను. నీకు కోపం వస్తే రాయి. రెండు పేజీలు ఎక్కువ రాయి. ఒత్తులు పెట్టుకో. పన్ను గురించి మాత్రం రాయకు.

పిన్ని చెప్పిన ప్రకారం, నువ్వు వచ్చాక మొదటి మంగళవారం ఘటం మళ్ళీ ఎత్తాలి. ఆషాఢం దాటిపోయింది కదా అంటే, అమ్మవారికేం తొందర, ఇల్లాలు వచ్చేదాకా ఆగుతుంది అంది. ఇవాళ పొద్దున్నే ఏరు దాటి, కుండలు చేసే తుంటే ఊరికి వెళ్ళి కొత్త కుండ తెచ్చాను. అప్పారావు కూడా వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో కుండ నా ఒళ్ళో పెట్టుకుంటే, "ఇలాగియ్యి బావా, నీ సేతులు మాకు తెలుసు" అని లాక్కున్నాడు. ఇచ్చేశాను. ఇవ్వడం అంత కష్టమేమీ కాదు. నీ నీలం నూలుచీర సగం చింపి ఉంచాను. మిగతా సగం బాగానే ఉంది, నా మీద అరవకు. నువ్వు తడిపి చుట్టి చూపించు. ఈసారి అడిగి నేర్చుకుంటాను. నువ్వు ఎత్తిన తరవాత, వచ్చే ఏడు మన ఇంటి ఘటం ఒకసారి శ్యామలాదేవి ఎత్తాలని నా మనసులో ఉంది. నువ్వు సరేనంటేనే.

ఇక గంట. లాగు. విజయ నాన్న లాగమన్నాడని కాదు, నీకు లాగాలని ఉంది గనక లాగు. ఇంకా ఇరవై రోజులు ఉంది. రేపే వెళ్ళి డెనిస్ తలుపు కొట్టు. తెరవకపోతే మన వీధిలో లాగా కిటికీలోంచి పిలువు. ఊరంతా అతన్ని చూసి నవ్వుతుందనుకుంటున్నాడేమో. నవ్వరు. నవ్వేవాళ్ళే మోకాళ్ళ మీద కూర్చుని పెంకులు ఏరుతారు. నేను చూశాను. కొత్త కర్ర అతని చేతే చెక్కించు, నువ్వు పక్కన నిలబడు. ఆరు తాళ్ళకీ ఆరుగురూ ఉండాలి. అతను లేకుండా నువ్వు ఒక్కదానివే చేరితే మళ్ళీ అయిదే అవుతాయి.

ఆ శనివారం మీకు పదకొండు అంటే మనకి సాయంత్రం అయిదున్నర అని గోపాలం లెక్కకట్టి చెప్పాడు. ఆ వేళకి నేను కిందకి దిగి, వీధిలో నిలబడి, మన తాడు లాగుతాను. పైన బుట్ట దించడానికి ఎవరూ ఉండరు. కుర్చీ మాత్రం కదులుతుంది, పిల్లి బెదురుతుంది. గంట నాకు వినపడదు. తాడు మీద చెయ్యి ఉంచితే మోగుతున్నది తెలుస్తుంది.

ఇట్లు,
విజయ నాన్న